60 శాతం వెనక్కి ఇస్తానన్నవాణ్ణి, ముందు ఎంత కోస్తావో అడుగు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. పుణెలో ఉద్యోగం చేస్తున్నప్పుడు 2023 చివరి నుంచి ఒక యాప్‌లో 5/10 టేబుళ్ల మీద పోకర్ ఆడావు. 2025 ఆగస్టులో ఆ యాప్ డబ్బు ఆట ఆపేసింది. ఇప్పుడు హనుమకొండలో ఇంటి నుంచే పని. టెలిగ్రామ్‌లో ఒక ఏజెంటు, తన క్లబ్‌లో చేరితే కట్టిన రేక్‌లో (పాట్‌లోంచి, అంటే మధ్యలో చేరిన పందెం డబ్బులోంచి, ఆడించేవాడు కోసుకునే వాటా) 60 శాతం ప్రతి సోమవారం యూపీఐలో వేస్తానంటున్నాడు. అది మంచి డీలేనా, ఇన్నాళ్లు కట్టిన రేక్‌లో ఏమైనా వెనక్కి రాబట్టుకోవచ్చా, రేక్‌ని తట్టుకుని గెలవాలంటే ఎలా ఆడాలి అని మూడు ప్రశ్నలు.

ఏజెంటు సంగతి ముందే చెప్పేస్తాను: చేరకు. ఎందుకు వద్దంటున్నానో లెక్క కట్టి చూపిస్తా. ఆ లెక్క అర్థమైతే మిగతా రెండు ప్రశ్నలకూ సగం జవాబు దొరికినట్టే.

"రేక్ 5 శాతమే కదా అన్నా" అని రాశావు. ఆ 5 శాతం పాట్ మీద, నీ లాభం మీద కాదు. ఒక్క హ్యాండ్ తీసుకుందాం. ఆరుగురు కూర్చున్న 5/10 టేబుల్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, స్మాల్ బ్లైండ్ 5, బిగ్ బ్లైండ్ 10. బటన్ మీద (ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడే సీటు) ఉన్న నువ్వు 25కి రైజ్ చేశావు, అంటే పందెం పెంచావు. స్మాల్ బ్లైండ్ తన 5 వదులుకుని ఫోల్డ్ చేశాడు, బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు, అంటే నీతో సమానంగా వేశాడు. పాట్ 55. ఫ్లాప్ (మధ్యలో పరిచే మొదటి మూడు ముక్కలు) మీద నువ్వు 25 వేశావు, అతనూ వేశాడు, పాట్ 105. టర్న్‌లో (నాలుగో ముక్క) ఇద్దరూ చెక్, పందెం వేయలేదు. రివర్‌లో (ఐదో ముక్క, చివరిది) నువ్వు 60 వేశావు, అతను కాల్ చేశాడు. పాట్ 225 అయింది, నీ ముక్కలే పెద్దవి, గెలిచావు. అందులో 11 రూపాయల 25 పైసలు యాప్ వాడు తీసుకుని 213.75 నీకిచ్చాడు. నువ్వు పెట్టింది 110. రేక్ లేకపోతే నీ లాభం 115, ఇప్పుడు 103.75. అంటే లాభంలో దాదాపు 10 శాతం పోయింది. అదే హ్యాండ్ ఓడితే మాత్రం 110కి 110 పోతుంది, అందులో నీకు ఎవరూ పైసా తగ్గించరు.

ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తెచ్చిన రైతు క్వింటాల్ ధర వినగానే లెక్క అయిపోయిందనుకోడు. కమీషన్, హమాలీ, తరుగు అన్నీ పోయాక తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద చివర ఏ అంకె ఉందో చూస్తాడు. పోకర్ ఆడేవాళ్లలో చాలామంది ఆ చివరి అంకె చూడకుండానే ఏళ్ల తరబడి ఆడేస్తారు.

మరి చివరి అంకె ఎంత? చిన్న టేబుళ్లలో ఒక ఆటగాడు కట్టే రేక్ 100 హ్యాండ్లకు 8 బిగ్ బ్లైండ్లు అనుకుందాం. యాప్‌ని బట్టి, ఆడే తీరుని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. నీ టేబుల్‌లో బిగ్ బ్లైండ్ 10 రూపాయలు కాబట్టి 100 హ్యాండ్లకు 80 రూపాయలు. నాలుగు టేబుళ్లు పెడితే గంటకు 300 హ్యాండ్ల దాకా పడతాయి, అంటే గంటకు 240 రూపాయలు. రోజుకు రెండు గంటలు, నెలంతా ఆడితే 18,000 హ్యాండ్లు, 14,400 రూపాయల రేక్. సినిమా టికెట్ కొనేటప్పుడు బుకింగ్ ఫీజు చూసి పళ్లు కొరికే మనమే ఈ 14,400 గురించి ఒక్కసారి కూడా ఆలోచించం. పాట్‌లోంచే పోతుంది కాబట్టి జేబులోంచి పోయినట్టు అనిపించదు.

ఇప్పుడు 30 శాతం రేక్‌బ్యాక్ ఉందనుకో. నెలకు 4,320 వెనక్కి వస్తుంది. సోమవారం సోమవారం వెయ్యి చొప్పున పడుతుంటే రెండో జీతం వస్తున్నట్టే ఉంటుంది. కానీ రేక్ లెక్కలోకి రాకముందు నువ్వు 100 హ్యాండ్లకు 3 బిగ్ బ్లైండ్లు గెలిచే ఆటగాడివి అనుకుందాం. చిన్న టేబుళ్లలో అది తక్కువేం కాదు, నీ ఎదుటివాళ్లకంటే నువ్వు బాగా ఆడుతున్నట్టే. 3 లోంచి 8 పోతే మైనస్ 5. నెలకు 9,000 నష్టం. రేక్‌బ్యాక్ 4,320 కలిపితే 4,680 నష్టం. రేక్‌బ్యాక్ చేసింది అంతే, నష్టాన్ని సగానికి తెచ్చింది. బాగా ఆడుతూనే నెలనెలా డబ్బు పోగొట్టుకునే మనిషి ఉంటాడంటే చాలామంది నమ్మరు. ఈ లెక్కలో ఉన్నది ఆ మనిషే.

పైగా ఇది ఒక నెలలో కళ్లకు కనపడదు. ఆరుగురి టేబుల్‌లో 100 హ్యాండ్లకు ఫలితం అటూ ఇటూ ఊగేది మామూలుగా 80 నుంచి 100 బిగ్ బ్లైండ్లు. 90 అని పట్టుకున్నా, 18,000 హ్యాండ్ల సగటులో దాదాపు 7 బిగ్ బ్లైండ్ల తేడా అదృష్టం వల్లే రావచ్చు. అంటే నిజానికి నష్టపోయే ఆటగాడు కూడా ఒక నెల దర్జాగా లాభం చూస్తాడు, స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెడతాడు. లక్ష హ్యాండ్లు ఆడినా ఆ తేడా 3 బిగ్ బ్లైండ్లకు దగ్గర్లోనే ఉంటుంది. నీ ఆట ఎలాంటిదో తేల్చుకోవాలంటే అన్ని హ్యాండ్లు కావాలి. రేక్ ఎంతో తెలుసుకోవడానికి మాత్రం హ్యాండ్ హిస్టరీ తెరిస్తే చాలు. అందుకే ముందు రేక్ సంగతి చూడమంటాను.

రేక్‌బ్యాక్ అనగానే అందరూ శాతం అడుగుతారు. ఏ పద్ధతిలో లెక్క కడతారో అడిగేవాళ్లు తక్కువ. ఇందాకటి హ్యాండ్‌నే చూడు, రేక్ 11.25. ముక్కలు పంచిన ఆరుగురికీ సమానంగా రాస్తే ఒక్కొక్కరి పేరున 1.87 పడుతుంది. పాట్‌లో డబ్బు వేసినవాళ్లకే సమానంగా రాస్తే ముగ్గురికి 3.75 చొప్పున, స్మాల్ బ్లైండ్‌లో 5 రూపాయలు పోగొట్టుకున్నవాడికి కూడా. వేసిన డబ్బు నిష్పత్తిలో రాస్తే నీకు 5.50, బిగ్ బ్లైండ్‌కి 5.50, స్మాల్ బ్లైండ్‌కి 25 పైసలు. గెలిచినవాడి పేరునే రాసే చోట మొత్తం 11.25 నీదే. మొదటి పద్ధతిలో, మంచి ముక్కల కోసం ఓపిగ్గా ఫోల్డ్ చేస్తూ కూర్చునేవాడు ఊరికే లాభపడతాడు. మూడోదానిలో ప్రతి పాట్‌లో దూరేవాడి పేరున ఎక్కువ పడుతుంది. అలా దూరేవాడికి రేక్‌బ్యాక్ పెద్దగా కనిపిస్తుంది, ఎందుకంటే అతను కట్టేదే పెద్దది. ఇంకో మెలిక ఉంది. కొన్నిచోట్ల నీ రేక్‌లోంచి ముందు బోనస్‌లు, ఫ్రీ టికెట్లు తీసేసి, మిగిలినదాని మీద శాతం కడతారు. అలాంటి చోట 40 శాతం అని రాసి ఉన్నా చేతికి వచ్చేది 25 కూడా ఉండకపోవచ్చు.

అసలు ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, నీ రేక్‌లోంచే. ఆటగాడిని తెచ్చినవాడికి సైట్ ఇచ్చే వాటాలో కొంత అతను ఆటగాడికి ఇచ్చేవాడు. అలా మొదలైంది. డాలర్ సైట్ల రోజుల్లో ఫుల్ టిల్ట్ అనే సైట్ ఇచ్చే 27 శాతం రేక్‌బ్యాక్ అంటే అందరికీ తెలిసిన అంకె. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద సైట్ల మీద కేసులు పెట్టింది. తర్వాత చూస్తే, ఆటగాళ్లకు ఇవ్వాల్సినంత డబ్బు ఫుల్ టిల్ట్ దగ్గర లేదు. అమెరికా ఆటగాళ్ల చేతికి డబ్బు రావడం మొదలైంది 2014 ఫిబ్రవరిలో. అప్పటిదాకా 27 శాతం గురించి అడిగినవాడే లేడు, బ్యాలెన్స్ వస్తే చాలు దేవుడా అనుకున్నారు. పోకర్‌స్టార్స్ అనే ఇంకో పెద్ద సైట్ వాళ్లు చాలా ఎక్కువగా ఆడేవాళ్లకు సూపర్‌నోవా ఎలైట్ అనే హోదా ఇచ్చేవాళ్లు. ఏడాదిలో 10 లక్షల పాయింట్లు చేస్తే వచ్చేది. దాని ప్రయోజనాలు మరుసటి ఏడాదీ ఉంటాయని నమ్మి 2015 అంతా టేబుళ్ల ముందే గడిపినవాళ్లున్నారు. ఆ నవంబర్‌లో, 2016 నుంచి కోత పెడుతున్నామని కంపెనీ ప్రకటించింది. ఆటగాళ్లు టేబుళ్ల మీద కూర్చుని ఆడకుండా సమ్మె కూడా చేశారు. పెద్ద కంపెనీ, లైసెన్సు, వెబ్‌సైట్ మీద రాతపూర్వకంగా నిబంధనలు ఉన్న చోట జరిగిందిది. నీ ఏజెంటు దగ్గర ఉన్నది ఒక టెలిగ్రామ్ ఐడీ.

ఇప్పుడు ఆ 60 శాతం చూద్దాం. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో రేక్ 5 శాతం అని ఉంది, క్యాప్ ఎంతో లేదు. క్యాప్ అంటే పాట్ ఎంత పెద్దదైనా ఇంతకంటే ఎక్కువ కోయం అనే హద్దు. ఇద్దరు ఆటగాళ్లు చెరో వెయ్యి రూపాయలు మధ్యలో పెట్టేశారనుకో, పాట్ 2,000. మూడు బిగ్ బ్లైండ్ల క్యాప్ ఉన్న చోట రేక్ 30. అందులో నీ వాటా 15. 30 శాతం వెనక్కి వస్తే 4.50, అంటే నీ నికర ఖర్చు 10.50. క్యాప్ లేని చోట అదే పాట్ మీద రేక్ 100. నీ వాటా 50, 60 శాతం వెనక్కి వస్తే 30. నికర ఖర్చు 20. రెట్టింపు శాతం ఇస్తున్నవాడు నీ దగ్గర దాదాపు రెట్టింపు తీసుకుంటున్నాడు. ఇంత మాట్లాడినవాడు క్యాప్ గురించి ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసిందిగా.

ఆ క్లబ్ యాప్‌లు పైకి ఉత్తి చిప్స్ ఆట. కంపెనీ లెక్కలో అక్కడ డబ్బే లేదు. డబ్బంతా బయట, క్లబ్ ఓనర్ నుంచి పెద్ద ఏజెంటు, అతని నుంచి చిన్న ఏజెంటు, అతని నుంచి నీకు. మధ్యలో ఒకడు ఫోన్ ఆఫ్ చేస్తే నీ చిప్స్ తెర మీద బొమ్మలే. ఒకే గదిలో ముగ్గురు కూర్చుని ముక్కలు చూపించుకుంటూ ఆడినా పట్టుకునేవాడు లేడు. పట్టుకోవాల్సినవాడికి వాళ్లే రేక్ కడుతున్నారు మరి.

యూపీఐ విషయం ఇంకా జాగ్రత్త. ఏజెంటు నీకు వేసే డబ్బు అతని సొంత ఖాతా నుంచి రాదు, ప్రతివారం ఏదో కొత్త పేరు నుంచి వస్తుంది. ఎక్కడో ఒక మనిషి మోసపోయి 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తాడు. ఆ డబ్బు ఏయే ఖాతాల గుండా వెళ్లిందో బ్యాంకులు, పోలీసులు వరసగా వెతుకుతారు. ఆ వరసలో నీ ఖాతా ఉంటే ఆ మొత్తం మీద హోల్డ్ పడుతుంది, ఒక్కోసారి ఖాతా మొత్తం ఆగిపోతుంది. మా కాజీపేట కుర్రాడొకడికి ఏజెంటు వేసిన చిన్న మొత్తానికి జీతం ఖాతాయే ఆగింది. కేసు వేరే రాష్ట్రంలో, ఇంటి లోన్ ఈఎంఐ ఇక్కడ. ఆ డబ్బు ఎందుకొచ్చిందని అడిగితే ఏం చెప్పాలో తెలియక నెలల తరబడి టెన్షన్ పడ్డాడు.

చట్టం మాట కూడా చెప్పాలి. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1968 తీర్పుగా అందరూ చెప్పుకునేది అదే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అన్న మాట అక్కడిదే. అదే తీర్పులో మన విషయానికి దగ్గరైన ఇంకో మాట ఉంది. క్లబ్ పేకముక్కలకు కొంత ఛార్జీ తీసుకున్నంత మాత్రాన తప్పు కాదు, ఆట మీదే క్లబ్ లాభం చేసుకుంటుంటే మాత్రం నేరం కావచ్చు అంది. రేక్ అంటే సరిగ్గా ఆ రెండోదే. యాప్‌ల వాళ్లు మొదటి మాటనే పట్టుకుని ఏళ్లపాటు ప్రకటనలు వేశారు. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఆటలకున్న మినహాయింపు తీసేసి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని కూడా అందులోకి తెచ్చింది. ఈ రాష్ట్ర చట్టంలో ఆడించేవాడికే కాదు, ఆడేవాడికీ శిక్ష ఉంది. కాజీపేటలో రైలెక్కి బల్లార్షాలో దిగితే యాప్ తెరుచుకుంటుందని అప్పట్లో మనవాళ్లు జోకులేసుకునేవాళ్లు, కొందరు నిజంగానే వెళ్లేవాళ్లు. ఆ దారీ మూసుకుపోయింది. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు ఆటలన్నీ నిషేధం. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాడికి రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు లావాదేవీలు నడిపేవాళ్లూ తప్పించుకోలేరు. కేంద్ర చట్టం ఆడేవాణ్ణి శిక్షించదు, ఆ ఒక్క ముక్క పట్టుకునే ఏజెంటు "మీకేం కాదు సార్" అంటున్నాడు. హనుమకొండలో కూర్చున్నవాడికి రాష్ట్ర చట్టం ఒకటుందని అతను చెప్పడు. ఇంకోటి, నలుగురు ఫ్రెండ్స్‌ని చేర్పిస్తే నీకూ కమీషన్ ఇస్తానన్నాడన్నావు. అది అస్సలు వద్దు. అప్పుడు నువ్వు ఆటగాడివి కాదు, ఏజెంటువి.

ఇక ఆట. ఇది గోవాలో మాండవి నది మీద క్యాసినో ఓడల్లో కూర్చున్నప్పుడైనా పనికొస్తుంది, అక్కడా ప్రతి పాట్‌లోంచి కోస్తారు. దసరాకి ఇంట్లో బావమరుదులతో ఉత్తి చిప్స్ పెట్టి ఆడితే మాత్రం రేక్ లేదు కాబట్టి కింద చెప్పేవాటిలో సగం అక్కర్లేదు, హాయిగా ఆడుకో.

రేక్ ఉన్న టేబుల్‌లో గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి, చాలా చోట్ల ఫ్లాప్ పడకపోతే రేక్ లేదు. అంటే ఫ్లాప్‌కి ముందే రైజ్ చేసి గెలిచిన పాట్ నీకు పూర్తిగా దక్కుతుంది. కాల్ చేసి ఫ్లాప్ చూస్తే, గెలిచినా ఓడినా ఆ పాట్‌కి కోత మొదలైనట్టే. దీనివల్ల ఎక్కువ మారేది స్మాల్ బ్లైండ్ ఆట. కటాఫ్‌వాడు (బటన్‌కి ముందు సీటువాడు) 25కి రైజ్ చేశాడు, నీ చేతిలో రాజు-జాకీ, రెండూ వేరే రంగులు. 5 ఎలాగూ పెట్టాం కదా, ఇంకో 20 వేసి చూద్దాం అనిపిస్తుంది. అతనికంటే ముందు ఆడాల్సింది నువ్వు, నీ వెనక బిగ్ బ్లైండ్ ఇంకా ఉన్నాడు, జాకీ తగిలినా అవతల రాణులో, ఆసు-జాకీయో ఉంటే చిక్కుకుంటావు. వీటన్నిటి పైన 5 శాతం. ఆ కాల్ మానేయ్. అక్కడ రెండే దారులు పెట్టుకో. మంచి ముక్కలైతే 100, 110కి మళ్లీ రైజ్, లేకపోతే ఫోల్డ్. చిన్న టేబుళ్లలో జనం ఊరికే డబ్బు పోగొట్టుకునే సీట్లలో స్మాల్ బ్లైండ్ ఒకటి. ఒక్క ఈ అలవాటు మార్చుకున్నా కొంత డబ్బు మిగులుతుంది.

బిగ్ బ్లైండ్‌లో అంత కఠినంగా ఉండక్కర్లేదు, ఇప్పటికే 10 పెట్టావు, చివర మాట నీదే. కానీ పుస్తకాల్లో, వీడియోల్లో చూపించే కాల్ చార్టులు చాలావరకు రేక్ లేకుండానో, పెద్ద టేబుళ్ల రేక్‌తోనో చేసినవి. వాటిలో చివరి వరసల్లో ఉండే ముక్కలు, రాణి-ఏడు, జాకీ-ఆరు లాంటివి, నీ టేబుల్‌లో లాభం ఇవ్వవు. వీడియోలో ఆయన కాల్ చేశాడని నువ్వూ చేస్తే, ఆయన కట్టని ఫీజు నువ్వు కడుతున్నావు.

రివర్‌లో కాల్ లెక్క కూడా మారుతుంది. ఇందాకటి హ్యాండ్‌లో నువ్వు అవతలివాడివి అనుకో. 105 పాట్, అతను 60 వేశాడు. రేక్ లేకపోతే 225లో 60 కాబట్టి 26.7 శాతం సార్లు గెలిస్తే కాల్ సరిపోతుంది. రేక్ ఉంటే నీకు వచ్చేది 213.75 కాబట్టి 28.1 శాతం సార్లు గెలవాలి. తేడా చిన్నదే. కానీ చిన్న టేబుళ్లలో రివర్‌లో పెద్ద బెట్ వేసేవాడు బ్లఫ్ చేసేదే తక్కువ, అందుకని అటో ఇటో అన్న కాల్స్ అన్నీ ఫోల్డ్ వైపు నెట్టేయ్. వీడు బ్లఫే అని లోపల ఏదో చెబుతుంటే, ఆ మాట చివరి పదిసార్లలో ఎన్నిసార్లు నిజమైందో హిస్టరీలో చూసుకో.

క్యాప్ ఉన్న టేబుల్‌లో దీనికి రెండో వైపు ఉంది. 5 శాతం చొప్పున 30 రూపాయల క్యాప్ అంటే పాట్ 600 దాటాక ఇంకా పడే ప్రతి రూపాయి రేక్ లేనిది. కాబట్టి ముక్కలు గట్టిగా ఉన్నప్పుడు పాట్ పెంచడానికి భయపడకు. చిన్న పాట్లు చాలా గెలవడం కంటే పెద్ద పాట్లు కొన్ని గెలవడంలో కోత తక్కువ. పెద్ద టేబుల్‌కి వెళితే క్యాప్ త్వరగా తగిలి రేక్ భారం తగ్గుతుంది, నిజమే, కానీ అక్కడ కూర్చున్నవాళ్లు ఇక్కడివాళ్లు కాదు. రేక్ తగ్గుతుందని బ్లైండ్లు పెంచుకున్నవాళ్లను చాలామందిని చూశాను, ఎక్కువమంది మళ్లీ కింది టేబుల్‌కే వచ్చారు.

వీటన్నిటి కంటే పెద్దది టేబుల్ ఎంపిక. ప్రతి హ్యాండ్‌కీ కాల్ చేసే ఒక్క మనిషి నీ కుడి పక్కన ఉంటే ఏ రేక్‌బ్యాకూ దానికి సాటి రాదు. వారం చివర పాయింట్ల హోదా అందుకోవాలని రాత్రి రెండింటికి నాలుగు గట్టి టేబుళ్లు తెరిచి కూర్చునేవాడు, వచ్చే 500 బోనస్ కోసం రెండు వేలు పోగొట్టుకుంటాడు. రేక్‌బ్యాక్ పథకాలన్నీ నిన్ను ఎక్కువ ఆడించడానికి కట్టినవి. లేవాల్సిన టైంలో లేవనివ్వకపోవడమే వాటి పని.

ఇక వెనక్కి వచ్చే డబ్బు. గతంలో కట్టిన రేక్ రాదు. రేక్‌బ్యాక్ ఉండే చోట కూడా ఖాతా తెరిచేటప్పుడే ఆ ఏర్పాటు ఉండాలి, పాత తేదీలకు ఎవరూ ఇవ్వరు. 2023 అక్టోబర్ 1 నుంచి వేసిన డబ్బు మీద 28 శాతం జీఎస్టీ పడింది గుర్తుందా? వెయ్యి వేస్తే 218.75 పన్నుకి పోయి 781.25 మిగిలేది. చాలా యాప్‌లు ఆ తేడాని బోనస్‌గా ఇచ్చాయి, నీకు కనిపించిన "100 శాతం క్యాష్‌బ్యాక్" అదే. దాన్ని కూడా ఇప్పుడు అడగలేవు.

యాప్‌లో ఇంకా బ్యాలెన్స్ ఉందన్నావు, అది మాత్రం నీ డబ్బే. ఆట ఆగినా విత్‌డ్రా చేసుకోవడానికి కంపెనీలు దారి ఉంచాయి. కేవైసీ దగ్గర ఆగితే యాప్‌లో ఇచ్చిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టు, కస్టమర్ కేర్ చాట్‌తో సరిపెట్టుకోకు. ఐటీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందిందని చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఈ లోపు ఎవడైనా ఫోన్ చేసి, ప్రాసెసింగ్ ఫీజు కడితే మీ బ్యాలెన్స్ విడిపిస్తామంటే, వాడు ఇంకో దొంగ.

నిజంగా రావచ్చనిపించే డబ్బు టీడీఎస్‌లో (డబ్బు చేతికివ్వకముందే కోసే పన్ను) ఉంది. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం కోసేవాళ్లు. నికర గెలుపు అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో నువ్వు తీసుకున్న మొత్తంలోంచి, నువ్వు సొంతంగా వేసింది, ఏడాది మొదట్లో ఉన్న బ్యాలెన్స్ తీసేయగా మిగిలేది. ఏడాది చివర ఖాతాలో మిగిలినదీ కలుపుతారు. బోనస్, రేక్‌బ్యాక్ నువ్వు వేసిన డబ్బు కింద లెక్కకు రావు, కాబట్టి లాభంలో ఉన్నవాడికి రేక్‌బ్యాక్ మీద కూడా 30 శాతం పోయేది. టెలిగ్రామ్‌లో ఎవడూ చెప్పని ముక్క ఇది.

నువ్వు ఏప్రిల్‌లో 20,000 వేసి, జూన్‌లో 50,000 తీశావనుకో. నికర గెలుపు 30,000, టీడీఎస్ 9,000 అప్పుడే పోయింది. తర్వాత 40,000 మళ్లీ వేసి ఆగస్టు నాటికి మొత్తం పోగొట్టుకున్నావు. ఏడాది లెక్క చూస్తే వేసింది 60,000, తీసింది 50,000. గెలుపే లేదు, కానీ 9,000 ప్రభుత్వం దగ్గర ఉంది. కంపెనీ దాన్ని తిరిగివ్వదు, నువ్వు రిటర్న్ వేసి అడగాలి. ఇలా మధ్యలో విత్‌డ్రా చేసి తర్వాత పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. టీడీఎస్ పోయిందని కూడా చాలామందికి తెలియదు, విత్‌డ్రా తక్కువ వచ్చిందేంటి అనుకుని ఊరుకుంటారు. అయితే ఒక ఏడాది నష్టాన్ని ఇంకో ఏడాది గెలుపులోంచి తీసేయడం, జీతంలోంచి తీసేయడం కుదరవు. గెలుపు ఉన్న ఏడాదికి 30 శాతం మీద 4 శాతం సెస్ కూడా కట్టాలి, టీడీఎస్‌లో అది ఉండదు.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్, ఏఐఎస్ (నీ పేరున కోసిన పన్ను, నమోదైన ఆదాయం చూపించే పత్రాలు) రెండూ తీసుకో. యాప్ నుంచి ప్రతి ఆర్థిక సంవత్సరానికీ వేసిన, తీసిన డబ్బుల స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చెయ్యి. యాప్ ఎన్నాళ్లు తెరుచుకుంటుందో ఎవరు చూశారు, ఇది ఈ వారమే చెయ్యి. అవి పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లు. కొందరు అలవాటుగా లాటరీ, పజిల్ గెలుపుల వరసలో వేసేస్తారు. ఆన్‌లైన్ ఆటల గెలుపుకి రిటర్న్‌లో వేరే వరస ఉంది, అందులోనే చూపించమని చెప్పు.